కార్డు సరే, తెరకు దారి ఏది?

2006లో సోనీ తెచ్చిన వయో ఎస్‌జెడ్ ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న మీట ఉండేది. దానికి ఒక పక్క ‘స్టామినా’, ఇంకో పక్క ‘స్పీడ్’. స్టామినా వైపు జరిపితే ఇంటెల్ గ్రాఫిక్స్ పనిచేసి బ్యాటరీ ఎక్కువసేపు వచ్చేది. స్పీడ్ వైపు జరిపితే ఎన్‌విడియా చిప్ రంగంలోకి దిగేది. మార్చినప్పుడల్లా రీస్టార్ట్ తప్పేది కాదు. విసుగే, కానీ ఏ చిప్ పనిచేస్తోందో కొన్న మనిషికి తెలిసేది.

ఇప్పటి గేమింగ్ ల్యాప్‌టాప్ డబ్బా మీద ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ కార్డు గీసిన బొమ్మ ఏ దారిన తెర మీదికి వస్తుందో చాలాసార్లు ఎక్కడా ఉండదు. లక్ష రూపాయలు పోసేవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ దారి కథ 2010 ఫిబ్రవరిలో మొదలైంది. ఎన్‌విడియా అప్పుడు తెచ్చిన ‘ఆప్టిమస్’ పద్ధతిలో తెరకు కలిసి ఉండేది ప్రాసెసర్ వైపు ఉన్న ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మాత్రమే. గేమ్ తెరవగానే పెద్ద కార్డు మేల్కొని ఫ్రేములు గీస్తుంది. గీసిన ప్రతి ఫ్రేమునూ కంప్యూటర్ మెమరీలోకి కాపీ చేస్తే, అక్కడి నుంచి ఇంటిగ్రేటెడ్ చిప్ తెరకు అందిస్తుంది. గేమ్ మూయగానే కార్డు నిద్రపోతుంది. రీస్టార్ట్ బాధ పోయింది, బ్యాటరీ మిగిలింది. నిజంగా తెలివైన ఏర్పాటే.

అయితే ప్రతి ఫ్రేమూ చుట్టుదారిలో రావాలి. సెకనుకు 60 ఫ్రేములైతే పెద్దగా తెలియదు. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి ఆటల్లో ఫ్రేములు వందలకు చేరినప్పుడు వేగంలో వచ్చే నష్టం కంటికే కనిపిస్తుంది. దీనికి మందు మక్స్ స్విచ్. అది తెరను నేరుగా పెద్ద కార్డుకే కలుపుతుంది. 2020లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్ ఆ మార్పిడిని రీస్టార్ట్ లేకుండానే చేస్తుంది. కొన్ని మోడళ్లలో ఇవి ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. కార్డు పేరు మాత్రం ఒకటే.

లినక్స్ వాడేవారి అవస్థ ఇంకో రకం. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఆప్టిమస్ ల్యాప్‌టాప్‌కు లినక్స్‌లో మద్దతు లేకపోవడం గురించి అడిగిన ప్రశ్నకు లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే ఎన్‌విడియా మీద మండిపడ్డారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

కార్డు నిద్రపోకపోతే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూడండి. 80 వాట్-అవర్ల బ్యాటరీ, మామూలు పనికి 10 వాట్ల ఖర్చు అనుకుంటే ఎనిమిది గంటలు వస్తుంది. పెద్ద కార్డు ఊరికే మేల్కొని ఇంకో 10 వాట్లు తాగితే నాలుగు గంటలే. పగలు కాలేజీలో కోడింగ్, రాత్రి హాస్టల్‌లో ఆట, రెండింటికీ ఒకే ల్యాప్‌టాప్ వాడే ఇంజినీరింగ్ విద్యార్థికి ఆ నాలుగు గంటలు చిన్నవి కావు. చాలా మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది. బయటి మానిటర్ తగిలిస్తే ఆటకు మేలు, కానీ ఆ తీగ ఉన్నంతసేపూ కార్డు మెలకువగానే ఉంటుంది. ఈ మాట కొట్లో ఎవరూ చెప్పరు.

వాట్ల సంగతీ ఇంతే. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ను ఎన్‌విడియా 35 నుంచి 115 వాట్ల దాకా అనుమతించింది. ఏ మోడల్‌కు ఎన్ని వాట్లు ఇవ్వాలో తయారీదారు ఇష్టం. సన్నటి ల్యాప్‌టాప్‌లోని 4060, లావుపాటి ల్యాప్‌టాప్‌లోని 4060 ఒకే వేగంతో ఆడవు.

ఫ్రిజ్ కొంటే ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో స్టార్ లేబుల్ మీదే ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ డబ్బా మీద కూడా మూడు ముక్కలు అచ్చువేయాలి: మక్స్ ఉందా, మార్చడానికి రీస్టార్ట్ కావాలా, కార్డుకు గరిష్ఠంగా ఎన్ని వాట్లు. అంతవరకూ, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా ఆన్‌లైన్‌లో అయినా, డబ్బు కట్టే ముందు ఈ మూడూ అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి.