రాబోవు మనిషి – మాదాపూరు మేడలు

మనుష్యుడు ముందు కాలమున ఎట్లు మారునన్న ప్రశ్న మన పాఠశాలల వక్తృత్వపు పోటీలకు ఇష్టమైన విషయము. సమాధానము సాధారణముగ ఒక్కటే. తల పెరుగును, వ్రేళ్ళు సన్నబడును, మెడ ముందునకు వంగును, కాళ్ళు క్షీణించును. ఈ బొమ్మకు నమూనా ఎక్కడనో వెదుక నక్కరలేదు. హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూరు మొదలు గచ్చిబౌలి దాటి వ్యాపించిన అద్దాల మేడలలో, కంప్యూటరు తెర యెదుట రేయింబవళ్ళు కూర్చుండు యువకుడే ఆ నమూనా.

బొమ్మ ముచ్చటగనే యున్నది గాని శాస్త్రసమ్మతము కాదు. కమ్మరి కండలు కొడుకునకు పుట్టుకతో రావు. ఉద్యోగి వంగిన మెడయు అంతే. బ్రతుకున సంపాదించిన మార్పు సంతతికి సంక్రమించునని లామార్కు తలచెను. ఆ తలపు నిలువలేదు. 1859లో డార్విను చూపిన మార్గము వేరు. పుట్టుకతో వచ్చిన భేదములలో ఏవి కలవారు ఎక్కువమంది బిడ్డలను కని పెంచగలుగుదురో, ఆ భేదములు తరతరమునకు హెచ్చును. కావున హైటెక్ సిటీలో మనము పరిశీలింపవలసినది కుర్చీని కాదు, పెండ్లిపందిరిని.

కాలపు కొలతయు గుర్తుంచుకొనవలెను. ఆ మేడల క్రింది నల్లరాయి సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. మన మానవజాతి వయస్సు సుమారు 3 లక్షల ఏండ్లు. సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించినది 1998 నవంబరు 22వ తేదీన. అనగా ఒక్క తరము. ఒక తరములో జాతి రూపము మారదు. మారునవి, ఏ రూపము రాబోవునో నిర్ణయించు అలవాట్లు.

మందులు, టీకాలు వచ్చి పసిబిడ్డల మరణములు తగ్గినవి గనుక పరిణామము ఆగిపోయినదని కొందరు వాదింతురు. మశూచి వలె బిడ్డలను ఏరివేయు వ్యాధుల బలము తగ్గినమాట నిజము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము స్త్రీకి సగటున తెలంగాణములో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది బిడ్డలు. అందరికిని ఒకరిద్దరే యైనపుడు ఏరివేతకు చోటు మరింత సన్నగిల్లును. కాని క్రొత్త భేదములు పుట్టుట ఆగలేదు. ప్రతి శిశువును తలిదండ్రులలో లేని సుమారు 60, 70 జన్యుమార్పులతో పుట్టుచున్నది. వానిలో అధికభాగము తండ్రి వైపునుండి వచ్చునవే. తండ్రి వయస్సు ఒక యేడు పెరిగినకొలది ఒకటి రెండు హెచ్చును. ఉద్యోగము, ఇంటి అప్పు, విదేశయానము ముగించుకొని ముప్పది దాటి పెండ్లాడువాడు ఈ లెక్కను కొద్దిగ పెంచును. భయపడవలసినంత కాదు.

అదే సర్వేలో మరియొక అంకె యున్నది. తెలంగాణములో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. ఇరుకైన కటి గల తల్లులు ఇట్లు బ్రతుకుటచే ఆ లక్షణము ముందు తరములలో హెచ్చునని 2016లో వియన్నా పండితులు కొందరు లెక్క కట్టిరి. ఆ లెక్కను ఒప్పుకొననివారును కలరు. మన వద్ద శస్త్రచికిత్సలకు ముహూర్తములే హేతువగుటయు కద్దు. ముహూర్తమునకు జన్యువుతో పని యేమి?

అసలు కథ వివాహములోనే యున్నది. 1957లో భారతదేశమునకు వచ్చి, 1961లో భారతపౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసిన జె. బి. ఎస్. హాల్డేన్ దీనిని గ్రహించినవాడు. ఆయన శిష్యుడు, పిఠాపురము వాడైన ద్రోణంరాజు కృష్ణారావు, ఆంధ్రదేశపు మేనరికములను ఆ దశాబ్దములోనే పరిశోధించెను. మేనమామకు మేనకోడలినిచ్చిన యెడల, పుట్టు బిడ్డకు ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వికుని ప్రతి యగు అవకాశము ఎనిమిదింట ఒకటి; మేనత్త మేనమామల బిడ్డలు పెండ్లాడినచో పదునారింట ఒకటి. ఒక్క ప్రతియే యున్నపుడు అణగియుండు లోపము, రెండు ప్రతులైనపుడు బయటపడును.

మేనరికము లేకున్నను కులపు గిరి ఇట్టి పనినే మెల్లగ చేయును. నగరపు తూర్పుదిక్కున హబ్సిగూడలోనున్న కణజీవశాస్త్ర పరిశోధనాలయము (సి. సి. ఎం. బి.) శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డు పండితులతో కలసి దీనిని తేల్చిరి. 2013లో వారు ప్రకటించిన ఫలితము ప్రకారము సుమారు 4,200 నుండి 1,900 ఏండ్ల క్రిందటి వరకు ఈ దేశపు జనసమూహములు విరివిగ కలసినవి. పిమ్మట ఆ కలయిక సన్నగిల్లినది. 2017లో ప్రకటితమైన పరిశోధన 260కి పైగా సమూహములను చూచి, 81 సమూహములు కొద్దిమంది మూలపురుషులనుండి బలముగ ఏర్పడినవని చెప్పినది. వానిలో 14 సమూహముల జనసంఖ్య పదేసి లక్షలకు మించినది. జనము లక్షలైనను మూలము పిడికెడు. మన వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్స వేళ కండరములు సడలించు ఒక మందు త్వరగ విరుగదు. దానిని విరుచు ఎంజైము లోపమే కారణము. అది ఆ కులమునకు దోషము కాదు. గిరి గీచుకొన్న ప్రతి సమూహములోను ఏదియో ఒక లోపము పేరుకొని యుండును. ఎక్కడ పరీక్షించితిమో అక్కడ తెలిసినది, అంతే.

మాదాపూరు భోజనశాలలో శ్రీకాకుళము, ఆదిలాబాదు, బీహారు, బెంగాలు ఒకే బల్లయొద్ద కూర్చుండుచున్నవి. వేలయేండ్ల గిరిని చెరుపుటకు ఇంతకు మించిన తావు మన చరిత్రలో అరుదు. కాని పెండ్లిండ్ల పేరయ్య గొడుగు మూసి కంప్యూటరులో ప్రవేశించినాడు. వివాహ సంబంధముల వెబ్‌సైటులలో కులమును బట్టి, శాఖను బట్టి వెదకుట నిముషము పని. వెనుకటి పేరయ్యకు పది గ్రామములే తెలియును. నేటి పేరయ్య డల్లాసులోని స్వశాఖ వరుని సైతము క్షణములో పట్టితెచ్చును. దూరము తరిగినకొలది గిరి బిగియుట వింత కాదా? ఐనను అక్కడక్కడ తమంతట తాము పెండ్లాడువారు కలరు. వారి సంతతి గొప్ప జాతి యగునని నా భావము కాదు. జాతిని మెరుగు పరతుమన్నవారు గత శతాబ్దమున చేసిన ఘోరములు చాలును. అణగియున్న లోపములు జంటపడు అవకాశము తగ్గును, చెప్పదగినది అంతవరకే.

2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు పిండముల జన్యువులను సవరించి శిశువులను పుట్టించినట్లు ప్రకటించి చెరసాల పాలయ్యెను. ఇకమీదట పరిణామపు పగ్గములలో ఒకటి మనుష్యుని చేతికి రావచ్చును. ముందుగ ధనవంతుని చేతికి. ఈ విషయమును తూచి చూడగల విద్య మన బాలురకు అందుచున్నదా? ఎన్. సి. ఇ. ఆర్. టి. పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమునుండి పరిణామ భాగమును తొలగించినదని 2023లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు, విద్యావంతులు ఆక్షేపించిరి. పన్నెండవ తరగతి జీవశాస్త్రములో ఆ పాఠము ఉన్నది. కాని గణితము, భౌతికము, రసాయనము పట్టి ఇంజనీరు కాదలచిన బాలుడు ఆ పుస్తకము తెరువడు. అతడు డార్వినును చదువకయే హైటెక్ సిటీ చేరును. జన్యువుల లెక్కలు కట్టు యంత్రమునకు ఆదేశములు వ్రాయుపని అతనికే అప్పగింతురు.