ప్రతి విసురుకూ లెక్క ఉండాలి

2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. ఆ పతకం అందరికీ గుర్తుంది. అంతకు రెండేళ్ల ముందు, 2019 మేలో, ముంబైలో అతడి కుడి మోచేతికి ఆపరేషన్ జరిగిన సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. ఆ ఏడాది దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అతడు పాల్గొనలేకపోయాడు. అయితే అతడి వెంట నిపుణులైన వైద్యులు, ఫిజియోలు ఉన్నారు. అతణ్ని చూసి ఢిల్లీలో, సోనీపత్‌లో, అతడి సొంత జిల్లా పానిపత్‌లో జావెలిన్ పట్టిన పన్నెండేళ్ల కుర్రాడికి ఎవరున్నారు?

భారత కుర్రాడి మోచేయి బేస్‌బాల్‌లోనూ దెబ్బతింది. 2008లో టీవీ పోటీ ద్వారా ఎంపికైన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్లే. అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. మైనర్ లీగుల్లో నిలదొక్కుకుంటున్న రింకూను గాయాలు, మోచేతి శస్త్రచికిత్స ఆటకు దూరం చేశాయి. తర్వాత అతడు ప్రొఫెషనల్ రెజ్లింగ్ వైపు వెళ్లిపోయాడు.

బంతిని బలంగా విసిరేటప్పుడు మోచేయి లోపలివైపున్న లిగమెంట్ విపరీతంగా సాగుతుంది. వయోజన పిచర్ల (బేస్‌బాల్‌లో బంతి విసిరేవారి) మోచేతిపై పడే మెలి ఒత్తిడి దాదాపు 64 న్యూటన్ మీటర్లు ఉంటుందని అమెరికాలో కొలిచారు. ప్రయోగశాలలో ఆ లిగమెంట్ ఒక్కటే దాదాపు 32 దగ్గరే తెగిపోయింది. మిగతా భారం మోసేవి చుట్టూ ఉన్న కండరాలు, ఎముకలు. కండరం అలసిందా, భారమంతా లిగమెంట్ మీదికే వస్తుంది. పిల్లల్లో ఎముక పెరిగే చోట ఉండే మృదులాస్థి ఇంకా బలహీనం. అది ముందే దెబ్బతింటుంది.

1974లో వైద్యుడు ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్ మోచేతిలో ఆ లిగమెంట్ స్థానంలో స్నాయువు అమర్చాడు. జాన్ 1989 దాకా ఆడాడు. ఆ విజయాన్ని చూసి ఆపరేషన్‌ను తేలిక దారి అనుకోవడం ప్రమాదం. అమెరికాలో 481 మంది బాల పిచర్లను పదేళ్లు గమనించిన అధ్యయనంలో, ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటి పిచ్ చేసినవారికి తీవ్ర గాయం ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అందుకే అక్కడ 2014 నుంచి ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాలున్నాయి. 13–14 ఏళ్లవారికి రోజుకు 95 పిచ్‌లు గరిష్ఠం. 66 లేదా అంతకు మించితే నాలుగు రోజుల విశ్రాంతి. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలు వరసగా చేయి పైకెత్తి విసరనే కూడదు.

ఈ అంకెలను జావెలిన్‌కో, ఫాస్ట్ బౌలింగ్‌కో యథాతథంగా అంటించలేం. ఒక్కో ఆటకూ దాని హద్దు వేరుగా తేల్చాలి. కానీ లెక్క మాత్రం ఈరోజే మొదలుపెట్టొచ్చు. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొద్దున స్కూలు జట్టు, సాయంత్రం అకాడమీ, ఆదివారం టోర్నమెంటు. ముగ్గురు కోచ్‌లు ఎవరి లెక్క వారు చూస్తారు. కూడి చూసేవారే లేరు. నొప్పని చెబితే సాకంటారని పిల్లవాడు నోరెత్తడు.

కాబట్టి ప్రతి బాల క్రీడాకారుడికీ ఒక విసురు కార్డు ఉండి తీరాలి. అందులో మూడు చోట్ల లెక్కా ఒకేచోట రాయాలి. కార్డు చూడని టోర్నమెంటుకు, రాయని అకాడమీకి స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, రాష్ట్ర క్రీడా శాఖలు మైదానం ఇవ్వకూడదు. మోచేతి లోపలివైపు నొప్పుంటే వైద్యుడు చూసేదాకా విసరనివ్వకూడదు. కష్టపడకపోతే పతకాలెలా వస్తాయని కోచ్‌లు అడుగుతారు. పరుగు, కాళ్ల బలం, నడుము బలం పెంచే సాధన ఎంతైనా ఉంది. చేయి సెలవులో ఉన్న రోజుల్లో అదే చేయించాలి. కాలుష్యంతో మైదానాలు మూతపడే చలికాలపు వారాలను ఇండోర్ నెట్స్‌తో నింపకుండా విసుర్లు లేని కాలంగా ప్రకటించాలి.

ఢిల్లీలోని తెలుగువారి ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఈ కార్డును ముందుగా తేవచ్చు. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.