మిస్త్రీకి పిల్లనివ్వమా?

మొన్న జనవరిలో ఒక శనివారం ఇషా నమాజ్ అయ్యాక ఇంటిల్లిపాదీ ఒక ఫోన్ చుట్టూ చేరాం. చికాగోలో మా భాయ్‌జాన్ తన గరాజ్‌లో పాత పికప్ ట్రక్కు డాష్‌బోర్డు విప్పుతున్నారు. విజయవాడలో మాకు రాత్రి ఎనిమిదిన్నర, ఆయనకు పొద్దున తొమ్మిది.

మస్లా ఏమిటంటే బండిలో హీటర్ కోర్ కారుతోంది. హీటర్ కోర్ అంటే డాష్‌బోర్డు వెనక ఉండే బుల్లి రేడియేటర్. ఇంజన్ దగ్గర వేడెక్కిన కూలెంట్ ఒక రబ్బరు గొట్టంలోంచి దాంట్లోకి వచ్చి, ఇంకో గొట్టంలోంచి వెళ్లిపోతుంది. దాని మీదుగా ఫ్యాన్ గాలి కొడితే బండి లోపల వెచ్చగా ఉంటుంది. మన బెజవాడ ఎండల్లో దాని అవసరమే తెలియదు. చికాగో చలికాలంలో అది పనిచేయకపోతే ముందు అద్దం మీద మంచు కరగదు, దారి కనపడదు. కారడం మొదలైతే సీటు ముందు కార్పెట్ తడుస్తుంది, అద్దానికి జిడ్డు పొర పడుతుంది, బండంతా తియ్యటి వాసన వేస్తుంది. ఆ తీపి జహర్. పిల్లలో పిల్లులో నాకితే ప్రాణం మీదికొస్తుంది.

షాపులో అడిగితే సామాను 50 డాలర్ల లోపే గానీ మజూరీ 1000 డాలర్లు దాటుతుందన్నారట. కోర్ చిన్నదే. దాన్ని చేరడానికే డాష్‌బోర్డు మొత్తం కదపాలి. అందుకని ఏసీ గ్యాస్ ఒక్కటీ షాపులో తీయించుకొచ్చి, బ్యాటరీ వైర్లు ఊడదీసి, మిగతా పనికి భాయ్‌జాన్ తానే దిగారు. విప్పిన స్క్రూలన్నీ గుడ్ల ట్రేలో వరసగా పెట్టుకున్నారు, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా.

మా అబ్బా నలభై ఏళ్లు ఆటోనగర్‌లో రేడియేటర్ మిస్త్రీ. లారీల రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం పెట్టి మా అందరికీ తాలీమ్ ఇప్పించారు. డ్రైవర్లకు ఆయన అసలు పేరు తెలియదు, ‘రేడియేటర్ సాయిబు’ అంతే. ఆ రాత్రి మంచం మీంచి కళ్లద్దాలు సర్దుకుని ఫోన్‌లోకి చూస్తున్నారు. భాయ్‌జాన్ కొత్త కోర్ డబ్బాలోంచి తీసి నేరుగా బిగించబోయేసరికి గట్టిగా అన్నారు: “ఠహరో బేటా! పహెలే పానీ మే డాల్‌కే దేఖో.”

ఒక గొట్టం మూతి మూసి, రెండో దాంట్లోంచి మెల్లగా గాలి ఊదుతూ నీళ్ల టబ్బులో ముంచమన్నారు. బుడగలు రాలేదు. “అంతా బిగించాక కారితే మళ్లీ మొదటికి రావాలి” అన్నారు. మర్నాడు పని అయ్యి కూలెంట్ నింపాక ఇంకో మాట చెప్పారు: హీటర్ ఫుల్‌లో పెట్టి ఇంజన్ నడిపించు, రెండు గొట్టాలూ పట్టుకుని చూడు, రెండూ వేడిగా ఉంటేనే లోపల గాలి ఇరుక్కోకుండా కూలెంట్ తిరుగుతున్నట్టు. రెండూ వేడెక్కాయి. చికాగోలో హీటర్ వచ్చింది, ఇక్కడ అబ్బా మొహం వెలిగింది.

ఆ తర్వాత భాయ్‌జాన్ నల్లబడ్డ తన చేతుల ఫొటో ఖాందాన్ గ్రూపులో పెట్టారు. మాషా అల్లాహ్‌లు, శభాష్‌లు కురిశాయి. “సాఫ్ట్‌వేర్ అయ్యుండి ఎంత హునర్!” అని ఫుప్పమ్మ వాయిస్ మెసేజ్.

అబ్బా ఫోన్ పక్కన పెట్టి నన్నడిగారు: “ఇవీ నల్లటి చేతులే కదా. ఆ రేడియేటర్ కుర్రాడి చేతులు ఏం తప్పు చేశాయిరా?”

నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు ఏడాది మా ఆపా కూతురికి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయి ఐటీఐ చదివాడు, ఆటోనగర్‌లో సొంత రేడియేటర్ షాపు, ఐదు పూటలా నమాజ్, జహేజ్ వద్దన్నాడు. “మిస్త్రీకి పిల్లనిస్తామా?” అని వీడియో కాల్‌లో అన్నది ఈ భాయ్‌జానే. ఆ మజ్లిస్‌లో నేనూ ఉన్నాను. నోరు మెదపలేదు. అసలు పిల్లను అడిగిన వాళ్లే లేరు. టంకం పొగలో సంపాదించిన రోటీ తిని పెరిగిన మేమే ఆ మాట అన్నాం.

అమెరికాలో పనికి ఇజ్జత్ ఉందని భాయ్‌జాన్ అంటారు. నాకు తెలిసిన హఖీఖత్ వేరు. అక్కడ మజూరీ ఖరీదు, కాబట్టి పెద్ద ఉద్యోగస్తుడూ స్పానర్ పడతాడు. ఇక్కడ మజూరీ చవక, కాబట్టి మనిషినీ చవక చేసేశాం. సెలవు రోజు సరదాగా చేస్తే హునర్, రోజూ రోజీ కోసం చేస్తే ‘అరె మిస్త్రీ’. ఈ లెక్క ఎవరు రాశారు?

హజ్రత్ దావూద్ అలైహిస్సలాం తన చేతి కమాయీ తినేవారని, హజ్రత్ జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి అని జుమ్మా బయాన్‌లో వింటాం. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని పిల్లలకు చెప్తాం. మసీదు మెట్లు దిగి రిష్తా మాటలకు కూర్చునేసరికి అన్నీ భూల్ జాతే. బీసీ-బీ, బీసీ-ఈ జాబితాల్లో మన బిరాదరీలను చూడండి: దూదేకుల, ధోబీ, హజామ్, అత్తర్. ఎన్ని పని పేర్లు! సర్టిఫికెట్‌కు ఆ పేరు కావాలి, శుభలేఖలో మాత్రం కనపడకూడదు.

పిల్లల్ని చదువు మాన్పించి గ్యారేజీలో వేయమని నేననడం లేదు. యాసిడ్ పొగలకు అబ్బా ఛాతీ ఎలా పాడైందో రోజూ చూస్తున్నాను. బడి వయసు పిల్లవాణ్ణి షాగిర్ద్ పేరుతో స్పానర్లు అందించడానికి పెట్టడం జుల్మ్. 14 ఏళ్లలోపు వాళ్లనైతే చట్టం కూడా ఒప్పుకోదు. నేనడిగేది చిన్న సంగతి. చదువుకుని, హునర్ నేర్చుకుని, హలాల్‌గా షాపు నడుపుకునే అబ్బాయి మీ గడప దగ్గరికి వస్తే బయోడేటాలో పని పేరు చూసి పక్కన పడేయకండి. అతని అఖ్లాఖ్ అడగండి, అప్పులున్నాయా అడగండి, పొగ నుంచి కాపాడుకుంటున్నాడా అడగండి. అన్నింటికంటే ముందు మీ పిల్లను అడగండి.

ఆ అబ్బాయికి వేరేచోట నిఖా అయిపోయింది. అల్లాహ్ ఆ ఇంటికి బర్కత్ ఇవ్వాలి. పోయిన వారం నా బండి రేడియేటర్ కారితే అతని షాపుకే వెళ్లాను. కోర్ ఊడదీసి, మూతి మూసి, నీళ్ల తొట్టిలో ముంచాడు. చాయ్ తెప్పించాడు, ‘చాచా’ అని పిలిచాడు. మాఫీ అడగాలనే వెళ్లాను. మజూరీ ఇచ్చి వచ్చేశాను. మళ్లీ వెళ్లాలి.