రెండు కిలోలు

జపాన్‌లో వోడ్కా అనే ఒక ఆడ గుర్రం ఉండేది. మేడమ్‌గారూ, కోప్పడకండి, నిజంగా దాని పేరే అది! 2007 మే 27న జపాన్ డెర్బీలో 2400 మీటర్లు ఉరికి, మగ గుర్రాలను ఓడించింది. అంతకుముందు ఆ పందెంలో ఆడ గుర్రం గెలిచింది 1943లో. అంటే 64 ఏండ్లు!

అందులో మగ గుర్రం మీద జాకీ, జీను కలిపి 57 కిలోలు, ఆడ గుర్రం మీద 55. తగ్గించినరు కాబట్టే గెలిచిందా? మూడు గుర్రాల పొడవు ముందుండి గెలిచింది. ఉరికినవి దాని కాళ్ళే గదా!

మొన్న గజ్వేల్ బస్టాండ్‌ల ఒకాయన, "మీకేంది, రిజర్వేషన్ ఉంది, చదవకున్నా సీటొస్తది" అన్నడు. నోరు మూసుకొని బస్సెక్కిన. పొద్దున అయిదింటికి స్టడీకి లేచేది నేను, ఆయన కాదు. మళ్ళీ కనబడితే వోడ్కా సంగతి చెప్త.

– పదవ తరగతి విద్యార్థిని