కొండవీటి దారుల్లో చౌక రేడియోలు

జీపులు వేసుకొని కొండదారులు, డొంకదారులు తిరిగే మిత్రులు ఈమధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. కొద్ది వేల రూపాయలకే దొరుకుతున్న చైనా చేతిసెట్టును బండిలో బిగించుకుంటే సరిపోతుందా, లేక వాహనాల కోసమే తయారయ్యే ఖరీదైన హామ్ రేడియో కొనవలసిందేనా అని. సరిపోతుందనే నా అభిప్రాయం. అయితే మిగిలిన డబ్బులో కొంత యాంటెన్నా మీద, మిగిలిన శ్రద్ధ అంతా లైసెన్సు పరీక్ష మీద పెట్టేవారికే అది సరిపోతుంది. ఆ రెండూ లేనివారికి లక్ష రూపాయల సెట్టు కూడా అలంకారమే.

ఈ మాటకు కొండవీటిని మించిన ఉదాహరణ నాకు తోచదు. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి తరలించారు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకొన్నదీ ఈ దుర్గాన్నే. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండి 2022 నుంచి పల్నాడు జిల్లాలో భాగమైన ఈ కొండల వరుసకు ఘాట్ రోడ్డు వచ్చిన తరువాత బండ్ల రాక బాగా పెరిగింది. చుట్టూ నల్లరేగడి మైదానం, నడుమ ఉన్నట్టుండి లేచిన కొండలు. ఎవరు వస్తున్నారో దూరం నుంచే కనబడాలని రాజులు ఎత్తు వెతుక్కున్నారు. రేడియో తరంగానికి కావలసిందీ ఆ ఎత్తే.

చేతిసెట్లు వాడే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపుమేరకే పోతాయి. లెక్క సులభం. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియో దిఙ్మండలం ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉందో తెలుస్తుంది. రెండు మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉన్న జీపుకు అది ఆరు కిలోమీటర్ల లోపే. అటువంటి రెండు జీపుల మధ్య కాగితం మీద పదకొండు, పన్నెండు కిలోమీటర్లు వస్తాయి కాని, చెట్లూ ఇళ్ళూ గట్లూ అడ్డుపడి వాస్తవంలో అందులో మూడో వంతు దక్కినా గొప్పే. అదే మైదానానికి 250 మీటర్ల పైన నిలబడిన మనిషికైతే ఆ లెక్క 65 కిలోమీటర్లు. కింది జీపు తాలూకు ఆరూ కలిపితే 70. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట మూడూ ఆ వలయంలోపలివే. ఐదు వాట్ల సెట్టుకు ఇంత చూపు ఇచ్చింది కొండే, తయారీదారు కాదు.

ఆ కొండే శత్రువు కూడా అవుతుంది. ఒక బండి వాలుకు ఇటు, మరొకటి అటు ఉంటే మధ్య దూరం అర కిలోమీటరైనా మాట దాటకపోవచ్చు. వాట్లు పెంచితే రాయి కరగదు. రెండు వాలులూ కనబడే మలుపులో ఒకరిని నిలిపి, అటు మాట ఇటు చెప్పించడమే దానికి మందు. బండ్ల బృందాలు సెట్ల గురించి గంటలకొద్దీ చర్చిస్తాయి కాని, ఈ మధ్యవర్తి ఎవరన్నది బయలుదేరే ముందు నిర్ణయించుకోవు.

ఇక బిగింపు. 2012లో వచ్చిన బావోఫెంగ్ యూవీ-5ఆర్, దాని తోబుట్టువులూ ఈ చౌకతనానికి మారుపేరయ్యాయి. వాటి మీద ఉండే పొట్టి రబ్బరు యాంటెన్నా జేబుకు అనుకూలమే కాని పనికి బలహీనం. పైగా ఇనుప బండి లోపల కూర్చొని మాట్లాడితే తరంగంలో చాలా భాగం ఆ ఇనుము దగ్గరే ఆగిపోతుంది. కనుక మొదటి ఖర్చు బండి పైకప్పు మీద అయస్కాంతంతో నిలిచే యాంటెన్నాకు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యం దాదాపు అర మీటరు. ఆ కాడ కింద ఉన్న ఇనుప రేకు యాంటెన్నాలో రెండో సగంగా పనిచేస్తుంది. గుడ్డకప్పు జీపులకు, ఫైబరు కప్పు బండ్లకు ఆ రేకు ఉండదు. అటువంటప్పుడు బానెట్ అంచునో వెనుక స్టెప్నీ చట్రానికో క్లాంపుతో బిగించడం మేలు.

రెండవది, కేబులు బరువు. చేతిసెట్టు నెత్తిన ఉండే యాంటెన్నా సాకెట్టు చాలా చిన్నది. దానికి మొద్దు కేబులును నేరుగా తగిలిస్తే రాళ్ళదారి కుదుపులకు కొద్ది రోజుల్లో లోపలి అతుకు ఊడుతుంది. జానెడు సన్నని కేబులు మధ్యలో వేసి, మొద్దు కేబులును డాష్‌బోర్డుకు కట్టివేయాలి. సెట్టును ఎయిర్‌బ్యాగు విచ్చుకొనే చోట ఎన్నడూ పెట్టరాదు.

మూడవది, విద్యుత్తు. బాటరీ స్థానంలో అమరి బండి 12 వోల్టుల నుంచి సెట్టును నడిపే డొల్ల పెట్టెలు దొరుకుతాయి. వాటి తీగలో ఫ్యూజు ఉండాలి. వేసవిలో లిథియం బాటరీని ఎండలో ఆపిన బండిలో వదలరాదు. రెంటచింతల ఎండల సంగతి పల్నాటివారికి నేను చెప్పనక్కరలేదు. అద్దాలు బిగించిన బండి లోపల వేడి బయటికంటే ఎంతో ఎక్కువ. ఇంజను హోరులో సెట్టు గొంతు వినబడదు కనుక చొక్కాకు తగిలించుకొనే మైకు-స్పీకరు కూడా అవసరం. మాట్లాడవలసింది పక్క సీటువారు, నడిపేవారు కాదు.

చౌక సెట్టుకు ఒక లోపం ఉంది, దాచడం న్యాయం కాదు. దాని గ్రాహకంలో వడపోత బలహీనం. ఎత్తైన చోట మంచి యాంటెన్నా తగిలిస్తే చుట్టుపక్కల బలమైన ప్రసారాలన్నీ ఒక్కసారి మీదపడి, మనకు కావలసిన సన్నని గొంతు వినబడకుండా పోవచ్చు. అప్పుడు మళ్ళీ రబ్బరు యాంటెన్నాకు మారడమే ఉపాయం. ఇది తెలిసినవారికి ఆ సెట్టు మంచి సేవకుడు.

అసలు వివాదం వీటి గురించి కాదు, అనుమతి గురించి. ఈ సెట్లు 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా మీట నొక్కితే మాట్లాడతాయి. ఆ పరిధిలో మన దేశపు హామ్‌లకు చెందినవి 144-146, 434-438 మాత్రమే. మిగిలినచోట్ల పోలీసులు, ఓడలు, ఇతర సేవలు ఉన్నాయి. లైసెన్సు మనిషికి ఇస్తారు, జీపుకు కాదు. ముందు బండిలో ఒక హామ్ ఉన్నంత మాత్రాన వెనుక నాలుగు బండ్లలోనివారికి మైకు పట్టే హక్కు రాదు. పర్యాటకులను డబ్బుకు తిప్పేవారు వ్యాపారానికి హామ్ పౌనఃపున్యాలు వాడకూడదు. లైసెన్సు ఉన్నవారైనా వాహనం నుంచి ప్రసారానికి వర్తించే షరతులు ముందుగా చదువుకోవాలి. లైసెన్సు అక్కరలేని మార్గం కావాలంటే 446.0-446.2 మెగాహెర్ట్జ్‌లో, నిర్దేశించిన తక్కువ శక్తితో పనిచేసే ఆమోదిత వాకీటాకీలు ఉన్నాయి. చౌక హామ్ సెట్టును ఆ అంకెకు తిప్పినంతలో అది ఆమోదిత వాకీటాకీ అయిపోదు. ఈ తేడా చెప్పకుండా అంతర్జాలంలో జోరుగా అమ్ముతున్నందుకే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమ్మకపు వేదికలకు నోటీసులిచ్చి, ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది.

ఇక్కడ రెండు వాదాలు వింటుంటాను. చౌక సెట్లు వచ్చి ఈ విద్యను పలుచన చేశాయని కొందరు పెద్దలంటారు. కొండమీద ఎవరు వింటారు, పరీక్ష దేనికని కొందరు కుర్రకారంటారు. పెద్దల మాట నేను ఒప్పుకోను. ఒకప్పుడు డబ్బున్నవారికో, సొంతంగా సెట్టు కట్టుకోగల నేర్పరులకో మాత్రమే అందిన విద్య ఇవాళ ఒక రైతు బిడ్డ చేతికి వచ్చింది. అది పలుచన కాదు, విస్తరణ. కుర్రకారు మాట అంతకంటే ఒప్పుకోను. ఎవరు వింటారన్న ప్రశ్నకు జవాబు పై లెక్కలోనే ఉంది. కొండమీద నుంచి నోరు జారితే 70 కిలోమీటర్ల వలయంలో ఎవరి అత్యవసర సంభాషణనైనా అది తొక్కివేయగలదు.

అలా తొక్కినప్పుడు పోయేది ఏమిటో మన చరిత్రే చెబుతుంది. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్లకు వెళ్ళింది. వెళ్ళినది ప్రపంచ హామ్‌లతో ముచ్చటించేందుకే. 26న సునామీ వచ్చి తీగలన్నీ తెగిపోతే, ఆ ముచ్చట్ల సెట్లే దీవుల క్షేమసమాచారాన్ని బయటికి చేర్చాయి. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కూల్చినప్పుడు సెల్‌ఫోన్లు ఏమయ్యాయో చూసినవాళ్ళం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటినది పల్నాటికి ఎంతో దూరం లేని బాపట్ల దగ్గరే. అటువంటి రాత్రి బురదలో సాగగల జీపు, దానిమీద నిటారైన యాంటెన్నా, లోపల శిక్షణ పొందిన ఒక గొంతు ఎంత విలువైనవో ఆలోచించండి. జీపులూ సెట్లూ మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. లేనిది ఆ గొంతు.

ఆ గొంతును తయారుచేయడం కష్టమేమీ కాదు. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సు కూడా అక్కరలేదు, కొద్దిపాటి రేడియో శాస్త్రం, నియమాలు చాలు. నరసరావుపేట, చిలకలూరిపేట కళాశాలలు తమ ఆవరణలోనే ఏటా శిక్షణ పెట్టి, పరీక్ష కూడా అక్కడే జరిగేలా అధికారులను కోరవచ్చు. నిషేధంతో సెట్లు దొంగచాటుకు పోతాయి, పరీక్షతో వెలుగులోకి వస్తాయి.

గాలిలో మాట్లాడటానికి ఆంగ్లం రావాలన్న భయం కూడా వద్దు. పిలుపు గుర్తు చెప్పిన తరువాత చక్కని తెలుగులోనే మాట్లాడవచ్చు. సంకేత భాష, రహస్య లిపి మాత్రం కూడదు. మాట కొండవీటి చాంతాడంత సాగకూడదు. ఎవరు, ఎక్కడ, ఏం కావాలి అన్న మూడూ చెప్పి మీట వదిలివేయాలి. రెండవవారికి చోటు దొరికేది మనం మీట వదిలినప్పుడే. సెట్టు కొనేముందు ఈ ఒక్క మర్యాద నేర్చుకొన్నవారికి మిగిలిన విద్య త్వరలోనే వస్తుంది.