అమ్మ మాట్లాడిన భాష ఏది?

"మీ మాతృభాష ఏది?" జనాభా లెక్కల వాళ్లు గుమ్మం ముందు నిలబడి అడిగే ప్రశ్నల్లో ఇంతకన్నా తేలికైనది లేదనుకుంటాం. తెలుగనో, ఉర్దూ అనో చెప్పేస్తాం. వాళ్లు రాసుకుని పక్కింటికి పోతారు. కానీ నంద్యాల జిల్లా శిరివెళ్లలోనో, దారిలో ఇంకాస్త ముందుకు పోతే వచ్చే ఆళ్లగడ్డలోనో అడిగి చూడండి. కొన్ని ఇళ్లల్లో జవాబు అంత తొందరగా రాదు.

దూదేకుల వాళ్లనే తీసుకోండి. నూర్‌బాషాలని కూడా అంటారు. దూది ఏకడం వాళ్ల కులవృత్తి. ఆచరించేది ఇస్లాం, ఇంట్లో మాట తెలుగు. నమాజు అరబ్బీలో, జోలపాట తెలుగులో! ఉర్దూ మాట్లాడే బంధువుల మధ్య పెళ్లిలో కూచుంటే "మీకు ఉర్దూ రాదా?" అని ఒక చిన్నచూపు. బయట తెలుగు వాళ్లకేమో "సాయిబులై ఉండి తెలుగు ఇంత బాగా మాట్లాడతారే" అని ఆశ్చర్యం. రెండూ నొప్పించే మాటలే. ఇక వాళ్ల వృత్తి పేరైన 'పింజారి'ని మనం తిట్టు కింద వాడేస్తాం. ఈసారి నోటికొచ్చినప్పుడైనా ఒక్క క్షణం ఆగితే బాగుంటుంది.

ఉర్దూ ఇళ్ల కథ ఇంకోరకం. అక్కడ వినిపించేది బళ్లో నేర్పే ఉర్దూ కాదు, దక్కనీ. 'వద్దు' అనడానికి 'నక్కో', 'అవును' అనడానికి 'హౌ'. లక్నో వాళ్లు వింటే నవ్వుతారు. అదే మనిషి కూరగాయల బండి దగ్గర అచ్చమైన సీమ తెలుగులో బేరమాడుతుంది. ఇందులో వింతేముంది? కర్నూలు 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉంది, బనగానపల్లె అయితే 1948 దాకా. మనం తెలుగనుకునే తహశీల్దారు, దస్తావేజు, ఖాతా, రాజీనామా, ఫిర్యాదు ఎక్కణ్ణుంచి వచ్చాయి మరి?

ఇంతకీ సర్కారు వారి లెక్కలో మాతృభాష అంటే ఏమిటో తెలుసా? చిన్నతనంలో ఆ మనిషితో తల్లి మాట్లాడిన భాష. పేరుకు అమ్మదే పెత్తనం! జవాబు చెప్పేది మాత్రం ఎక్కువ ఇళ్లల్లో మగవాళ్లే. మతాన్ని బట్టి ఉర్దూ అని చెప్పేవాళ్లుంటారు, పరువు కోసం ఇంకోటి చెప్పేవాళ్లుంటారు.

ఏది రాస్తే ఏమవుతుందిలే అనుకోకండి. 2011 లెక్కల్లో దేశంలో ఉర్దూ మాతృభాషగా చెప్పినవాళ్లు 5.07 కోట్లు. 2001లో 5.15 కోట్లు. జనం పెరిగారు, భాష తగ్గింది. మన తెలుగు కూడా మూడో స్థానం మరాఠీకి ఇచ్చేసి నాలుగుకు దిగింది. లంబాడీ మాట్లాడే 32 లక్షల పైచిలుకు మందిని హిందీ కింద కలిపేశారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఏ అధికరణ చెబుతోంది. పిల్లలు లెక్కలో కనిపించకపోతే బడి అడిగేదెలా?

ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండో అధికార భాష అని 2022లో చట్టం చేశారు. సంతోషమే. కానీ ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు నిలబడ్డ ఆడమనిషికి ఆ చట్టం ఏం చేస్తుంది? బజారు తెలుగు వచ్చినంత మాత్రాన ఒంట్లో బాధ చెప్పుకోవడానికి మాటలు దొరకవు. నెలసరి గురించో, గర్భసంచి గురించో పదేళ్ల కొడుకును మధ్యలో పెట్టుకుని చెప్పాల్సొస్తే ఏ తల్లైనా సగం మింగేస్తుంది. నా దృష్టిలో బోర్డుల మీద ఉర్దూ అక్షరాలకన్నా, ఆస్పత్రిలో రెండు భాషలూ వచ్చిన ఒక నర్సు ఎక్కువ అవసరం.

ఆడపిల్లల చదువు సంగతీ అంతే. ఉర్దూ బడి ఎక్కడితో అయిపోతుందో అక్కడ తెలుగో, ఇంగ్లీషో ఎదురవుతుంది. మగపిల్లాడైతే నంద్యాల పంపిస్తారు. ఆడపిల్లయితే "ఇక చాల్లే" అనేయడానికి అదొక సాకు. 2019 నవంబరులో బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేయాలని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, తెలుగో ఉర్దూనో ఒక సబ్జెక్టుగా తప్పనిసరి అంది. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వాదన అంతా తెలుగా, ఇంగ్లీషా అనే సాగింది. మూడో భాష ఇంట్లో మాట్లాడే పిల్ల ఆ గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాతి జనాభా లెక్కలకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. లెక్కకు ఆధారం 2027 మార్చి 1. ఈసారి ఫోన్లో మనమే వివరాలు నింపుకునే వీలుంది. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మాతృభాష గడి దగ్గరికి వచ్చేసరికి "ఇలా ఇవ్వండి" అని అడగండి. 2011లో మాతృభాష కాక తెలిసిన భాషలకు ఇచ్చింది రెండే గళ్లు. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, టీవీలో హిందీ, పిల్లల హోంవర్కుకు కాస్త ఇంగ్లీషు... శిరివెళ్ల ఇల్లాలు ఆ రెండు గళ్లల్లో దేన్ని వదిలేయాలి?