తూకం రాయికి ఉన్న ముద్ర

కోరాపుట్–రాయగడ రైలు మార్గంలోని కకిరిగుమ్మలో ఒక మహిళకు రొమ్ములో గడ్డ కనిపిస్తే, ఆమె వైద్యం కోసం చేసే ప్రయాణం కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల దగ్గర మొదలై, చాలాసార్లు విశాఖపట్నం దాకా సాగుతుంది. ఆ దారిలో ఎక్కడో ఒక ల్యాబులో, గడ్డ నుంచి తీసిన చిన్న ముక్క మీద గోధుమరంగు పట్టిందా లేదా అన్నదాన్ని బట్టి ఆమెకు ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇవ్వాలో వద్దో తేలుతుంది. ఆ రంగును పట్టించేది, ఫలానా ప్రోటీన్‌కే అంటుకునేలా తయారుచేసిన యాంటీబాడీ. మందు ధర గురించి, దొరకడం గురించి ప్రభుత్వాలు మాట్లాడుతున్నాయి. మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పే యాంటీబాడీ నిజం చెబుతోందా అని అడిగేవారు మాత్రం అరుదు. కిరాణా కొట్లో తూకం రాయికి సైతం తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాల్సిందే. మనిషి కణజాలంలో రిసెప్టర్‌ను వెతికే యాంటీబాడీకి కూడా అలాంటి స్వతంత్ర పరీక్ష తప్పనిసరి కావాలి, ఆ ఖర్చును ప్రజాధనమే భరించాలి.

ఎక్కువగా కణం పైపొర మీద ఉండి, బయటి నుంచి వచ్చే సంకేతాలను లోపలికి చేరవేసే ప్రోటీన్లే రిసెప్టర్లు. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో హెర్‌2 అనే రిసెప్టర్ మితిమీరి ఉంటుంది. అలాంటి క్యాన్సర్ త్వరగా ముదురుతుందని డెన్నిస్ స్లామన్ బృందం 1987లో చూపింది. 1998 సెప్టెంబరులో అమెరికాలో ట్రాస్టుజుమాబ్‌కు, హెర్‌2ను గుర్తించే యాంటీబాడీ పరీక్షకు ఒకే రోజు అనుమతి వచ్చింది. పరీక్ష లేకుండా ఆ మందుకు అర్థం లేదని అప్పుడే ఒప్పుకున్నట్టయింది. పాథాలజిస్టు స్లైడును చూసి సున్నా నుంచి మూడు వరకు మార్కు వేస్తారు. మూడైతే మందు, రెండైతే జన్యువును నేరుగా లెక్కించే మరో పరీక్ష, అంతకన్నా తక్కువైతే ట్రాస్టుజుమాబ్ లేదు.

మరి యాంటీబాడీ తప్పు చెబితే ఏమవుతుంది? ఎరిత్రోపొయెటిన్ కథ చూడండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునే కుటుంబాలకు బాగా తెలిసిన, రక్తహీనతకు ఇచ్చే ఇంజెక్షన్ ఇది. దీన్ని క్యాన్సర్ రోగులకూ ఇచ్చేవారు. తల, మెడ క్యాన్సర్ ఉన్నవారిలో ఈ మందు వాడినవారి పరిస్థితే అధ్వానంగా ఉందని 2003లో ఒక జర్మన్ పరిశోధన బయటపెట్టింది. క్యాన్సర్ కణాల మీదే ఈ మందుకు రిసెప్టర్ ఉందేమోనన్న అనుమానం వచ్చింది. సి-20 అనే యాంటీబాడీతో పరీక్షిస్తే గడ్డల్లో రంగు పట్టింది, దాని మీద వరసగా పరిశోధన పత్రాలు వచ్చాయి. కానీ సి-20 పట్టుకుంటున్నది వేరే ప్రోటీన్‌నని, కణం ఒత్తిడికి లోనైనప్పుడు పెరిగే హీట్‌షాక్ ప్రోటీన్‌కు అది అంటుకుంటోందని 2006లో ఆమ్జెన్ శాస్త్రవేత్తలు చూపారు. మందు వల్ల ముప్పు ఉందన్న హెచ్చరిక రోగుల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చింది కాబట్టి అది అలాగే నిలిచింది. ఎందుకు ముప్పు అన్నదానికి రంగును సాక్ష్యంగా చూపిన వివరణే బలహీనపడింది. ఆమ్జెన్ ఆ మందును అమ్మే సంస్థే కదా, దాని మాట ఎలా నమ్మాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లాభనష్టాలతో పని లేని ప్రజాసంస్థ ఈ పరీక్షను ముందే చేసి ఉండాల్సిందని చెప్పడానికి అంతకన్నా బలమైన కారణం లేదు.

ఇది ఒక్క యాంటీబాడీకే పరిమితమైన లోపం కాదు. కెనడా కేంద్రంగా పనిచేసే వైకారోస్ బృందం 65 ప్రోటీన్ల కోసం మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించింది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును తొలగించిన కణాల మీద కూడా యాంటీబాడీని ప్రయోగించి చూడడం వారి పద్ధతి. వస్తువే లేని చోట ఉన్నట్టు చూపిస్తే ఆ యాంటీబాడీ పనికిరాదు. ఒక్కో ప్రోటీన్‌కు సగటున డజను దాకా పరిశోధన పత్రాలు ఇలా విఫలమైన యాంటీబాడీలతో వచ్చినవేనని తేలింది. ఫలితాలు చూశాక అమ్మే సంస్థలు కొన్నిటిని ఉపసంహరించుకున్నాయి, మరికొన్నిటి వాడకం సూచనలు మార్చుకున్నాయి. బయటివారు పరీక్షిస్తే మార్కెట్ దారికి వస్తుందని దీనివల్ల అర్థమవుతోంది.

ఆస్పత్రులు వాడేవి పరిశోధనల యాంటీబాడీలు కావు, అనుమతి పొందినవి అని వాదించేవారున్నారు. అది నిజమే. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమాలు రోగనిర్ధారణ కిట్లకూ వర్తిస్తాయి. అయితే మంచి యాంటీబాడీ కూడా చెడిన కణజాలం మీద సరిగా పనిచేయదు, అనుభవం లేని చేతుల్లో తప్పు ఫలితమే ఇస్తుంది. అమెరికాలో ట్రాస్టుజుమాబ్ మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, స్థానిక ల్యాబులు హెర్‌2 ఉందన్న తొలి నమూనాలను కేంద్ర ల్యాబులో మళ్లీ చూస్తే 18 శాతం నిలవలేదని 2002లో ప్రకటించారు. ఎక్కువ నమూనాలు చూసే ల్యాబుల్లో ఈ తప్పులు బాగా తక్కువ. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కణం లోపలి హార్మోన్ రిసెప్టర్ల పరీక్షలు 1997 నుంచి 2005 వరకు వందలమందికి తప్పుగా వచ్చాయి. చివరకు న్యాయమూర్తి మార్గరెట్ కామెరాన్ విచారణ జరిపి 2009లో నివేదిక ఇవ్వాల్సి వచ్చింది. సంపన్న దేశంలోనే ఎనిమిదేళ్లు దొరకని తప్పు మన దగ్గర దానంతటదే దొరుకుతుందని ఎలా అనుకోగలం?

జ్వరానికి డాక్టరే దొరకని కొండ ప్రాంతంలో ఈ ముచ్చట అవసరమా అన్నది మరో అభ్యంతరం. అవసరమే. ట్రాస్టుజుమాబ్ 2015 నుంచి మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. తొలి దశ క్యాన్సర్‌కు సాధారణంగా మూడు వారాలకోసారి, ఏడాది పాటు ఇవ్వాలి. అది గుండెను బలహీనపరచవచ్చు. అవసరం లేనివారికి ఇస్తే డబ్బుతో పాటు ఆరోగ్యమూ పోతుంది, అవసరమైనవారికి అందకపోతే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. నగరంలో డబ్బున్నవారు రెండో ల్యాబుకు వెళ్లి సరిచూసుకోగలరు. కకిరిగుమ్మ నుంచి కూలి మానుకుని వచ్చినవారికి మొదటి రిపోర్టే ఆఖరిది. వనరులు తక్కువైన చోటే పరీక్ష మరింత నమ్మకంగా ఉండాలి.

పైగా చిన్న ఊళ్లలో చేయాల్సిన పనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. తీసిన ముక్కను గంటలోపు సరైన ఫార్మలిన్‌లో వేయాలి, అందులో ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉంచాలి, వేసిన సమయాన్ని సీసా మీద రాయాలి. రంగు వేసే పనిని విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి లాంటి, నమూనాలు ఎక్కువగా చూసే కేంద్రాలకు అప్పగించాలి. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ సభ్య ఆస్పత్రుల తరఫున మందులు కలిపి కొని ధర తగ్గించింది. యాంటీబాడీలనూ అలాగే కలిపి కొనవచ్చు, ప్రతి బ్యాచ్‌నూ రిసెప్టర్ ఉన్న కణాల మీద, లేని కణాల మీద పరీక్షించాకే పంపవచ్చు. అలాంటి కణాలను తయారుచేసే సామర్థ్యం హైదరాబాద్ సీసీఎంబీ వంటి సంస్థలకుంది. యాంటీబాడీ పేరు, బ్యాచ్, అలాంటి కణాల మీద వచ్చిన కంట్రోల్ ఫలితం లేని పరిశోధనకు ఐసీఎంఆర్ నిధులు ఇవ్వకూడదు, ఆ వివరాలు లేని రిపోర్టుకు ఆరోగ్య పథకాలు డబ్బు చెల్లించకూడదు. మందు బిల్లును పైసాతో సహా సరిచూసే ప్రభుత్వాలకు, ఆ మందును రాయించిన రంగును సరిచూడడం భారం కాదు.